ఒక్కసారే అడిగినవాడు

"మీరు వద్దన్నారు కదండీ," అన్నాడు ఎలాయ్.

"అన్నాను," అంది మారెన్.

"మరి?"

"మీరు మళ్ళీ అడగలేదు."

ఎలాయ్ బాకా చేతిలోని కలం బల్ల మీద పెట్టేశాడు. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి అరవడం లేదు, ఏడవడం లేదు. వానలో తడిసిన జడ చివర నుంచి నీళ్ళు కారుతుంటే నెమ్మదిగా పిండుకుంటోంది. అరిచినా బాగుండేదనిపించింది అతనికి.

అతను న్యూ మెక్సికో ఎడారి వైపు నుంచి మినెసోటాలోని మా నార్డ్‌బీ ఆసుపత్రికి వచ్చింది ఆ చలికాలం చివరలో. నర్సింగ్ చదవబోయేవాళ్ళకు ఆసుపత్రి చేసే సాయం చూడటం అతని పని. చదువు ఖర్చు ఆసుపత్రి పెట్టుకుంటుంది. చదివినవాళ్ళు మూడేళ్ళు ఈ కౌంటీ వదిలి వెళ్ళకూడదు.

మారెన్ టువెట్ అప్పటికే చరిత్రలో డిగ్రీ చేసింది. ఆ డిగ్రీతో మా ఊళ్ళో దొరికే ఉద్యోగం లేక వృద్ధుల హోమ్‌లో చేరింది. పెద్దవాళ్ళకు స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం. అక్కడే ఆమెకు తను నర్సు కావాలని తెలిసింది. డిగ్రీ ఉన్నవాళ్ళకు నర్సింగ్ తొందరగా పూర్తి చేయించే కోర్సు ఉంది కానీ, అందులో చేరితే ఉద్యోగం చేసుకునే తీరిక ఉండదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే డబ్బు మొదటి డిగ్రీకే. ఆమెకు దొరకగలిగిన అప్పు కూడా చాలా వరకు ఆ చదువుకే అయిపోయింది. ఆసుపత్రి సాయం అందకపోతే నర్సింగ్ మాట మరిచిపోవలసిందే.

ఆ సాయం ఆమెకు వచ్చింది కూడా. ఎలాయ్ ఫోన్ చేసి, "మీ పేరు ఖాయమైంది, తీసుకుంటారా?" అని అడిగాడు.

"అయ్యో, వద్దండీ. నాకంటే అవసరమున్నవాళ్ళు ఉంటారేమో చూడండి," అంది మారెన్.

ఎంత మంచి మనసో అనుకుంటూ అతను ఫోన్ పెట్టేసి, ఆమె తర్వాత పేరున్న కుర్రాడికి ఇచ్చేశాడు.

"ఇక్కడ మొదటిసారి వద్దంటాం," అని వివరించింది మారెన్ ఇప్పుడు. "రెండోసారీ వద్దంటాం. మూడోసారి అడిగితే, మీకేం ఇబ్బంది లేకపోతే సరే అంటాం."

"మూడోసారి అడక్కపోతే?"

"అడగనివాళ్ళు ఉండరు."

"నేనున్నాను కదండీ."

"తెలుస్తూనే ఉంది," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. గొడుగు ఉండి కూడా అంతలా ఎలా తడిసిందో అతనికి అర్థం కాలేదు. ఆఫీసు దాకా వచ్చి, లోపలికి రావడమా మానడమా అని ఆమె బయట చాలాసేపు నిలబడిందని, గొడుగు తెరవాలన్న ధ్యాసే లేకపోయిందని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ ఆదివారం మా చర్చి కింది హాల్లో భోజనాలు. ఎలాయ్ కాథలిక్, మాది వేరే శాఖ; అయినా పిలిస్తే వచ్చాడు. సాయం కమిటీకి పెద్ద అయిన ఇర్మా హాగన్ అతని పక్కనే కూర్చుంది. ట్రేలో నిమ్మకాయ కేకు చివరి ముక్క ఒకటి మిగిలింది. మా ఊళ్ళో చివరి ముక్కను పూర్తిగా ఎవరూ తీసుకోరు. ఎవరో వచ్చి దాన్ని సగం కోసుకున్నారు. ఇంకొకరు ఆ సగంలో సగం. తర్వాత వచ్చినామె మిగిలినదాన్ని అగ్గిపెట్టెంత చేసి వెళ్ళింది.

"ఇది కావాలా బాబూ?" అంది ఇర్మా.

"ఇవ్వండి," అని నోట్లో వేసుకున్నాడు ఎలాయ్.

చుట్టుపక్కల కుర్చీల్లోని తలలు అతని వైపు తిరిగాయి.

"ఆ మారెన్ విషయం విన్నాను," అంది ఇర్మా. "నీ తప్పు లేదులే. నీకు తెలియదు."

"కావాలంటే కావాలనొచ్చు కదండీ?"

"అడగ్గానే సరే అంటే, దానికోసమే కాచుకు కూర్చున్నట్టుంటుంది."

"ఆ అమ్మాయి కాచుకునే కూర్చుంది కదండీ."

ఇర్మా కాఫీ కప్పు ఎత్తి, తాగకుండానే దించింది.

వద్దనడం వినయమని మాకు ఊహ తెలిసినప్పటి నుంచి నేర్పారు. దేవుణ్ణి మాత్రం వానలు అడుగుతాం, పంటలు అడుగుతాం, ఒంట్లో బాగాలేనివాళ్ళ కోసం అడుగుతాం, ఒక్కసారికే నోరు విప్పి అడుగుతాం. సాటి మనిషి ముందు నాకిది కావాలని చెప్పడానికి మాత్రం మాట రాదు. అది వినయమో, బతిమాలించుకోవాలన్న చిన్న గర్వమో, పెద్దగా ఎవరం ఆలోచించలేదు.

మర్నాడు ఎలాయ్ వృద్ధుల హోమ్‌కి వెళ్ళాడు. మారెన్ వరండాలో చక్రాల కుర్చీలోని ఒక పెద్దాయన ఒళ్ళో రగ్గు సర్దుతోంది. చినుకులు పడుతుంటే ఎలాయ్ మెట్ల మీదే నిలబడి మొహం పైకెత్తాడు.

"లోపలికి రండి, జలుబు చేస్తుంది."

"మా దగ్గర వానొస్తే బయటికొచ్చి చూస్తాం."

"ఇక్కడ లోపలికెళ్ళి తిట్టుకుంటాం," అని ఆమె నవ్వింది. అతను చెప్పాలనుకుని వచ్చింది ఒక క్షణం మరిచిపోయాడు.

"ఈ హోమ్‌వాళ్ళతో మాట్లాడాను," అన్నాడు తేరుకుని. "చదువయ్యాక మీరు ఇక్కడే చేస్తానంటే సగం ఖర్చు పెట్టుకుంటారట. మిగతా సగం కమిటీ ఒప్పుకోవాలి. గురువారం మీటింగు. మీరు రావాలి."

"నేనెందుకు?"

"కావాలని చెప్పడానికి."

"మీరు చెప్పండి."

"నేను చెప్పేది నేను చెబుతాను. అది మాత్రం మీరే చెప్పాలి."

గురువారం కమిటీ ముందు ఎలాయ్ లేచి తప్పు తనదన్నాడు. ఆ అమ్మాయి వద్దంటే నిజమనుకున్నానని చెప్పాడు.

"వద్దందని వదిలేశావా?" అన్నాడు బీట్ దుంపల రైతు ఒకాయన.

"నాకెవరూ చెప్పలేదండీ."

"ఇది కూడా చెప్పాలా?"

ఇర్మా అందరినీ ఊరుకోమంది. "అబ్బాయికిచ్చింది వెనక్కి తీసుకోం. ఇంకొకరికి సగం ఇవ్వగలం. పక్క ఊరి నుంచి ఇంకో అమ్మాయి కూడా అడుగుతోంది. మారెన్, నీకు కావాలా?"

మారెన్ నోరు తెరిచింది. ఏ మాట రాబోతోందో ఆ గదిలో అందరికీ తెలుసు. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె తండ్రి ఆర్లిన్ తన టోపీ లోపలి అంచు చూసుకుంటున్నాడు. ఎలాయ్ తల వంచుకున్నాడు.

"కావాలి," అంది.

ఆమె మొహం ఎర్రబడింది. అయినా ఆగలేదు.

"హోమ్‌లో పెద్దవాళ్ళు నొప్పితో నా చెయ్యి పట్టుకుంటారు. నర్సును పిలిచాను, వస్తున్నారని చెబుతాను. ఆవిడ వచ్చేదాకా అదే మాట చెబుతూ ఉంటాను. నాకు, ఆ వచ్చే మనిషిని నేనే కావాలనుంది. ఆ పక్క ఊరి అమ్మాయికీ అంతే కోరిక ఉండొచ్చు, నాకు తెలియదు. నాకు మాత్రం చాలా ఉంది."

బీట్ దుంపల రైతు గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మ ఆ హోమ్‌లోనే ఉంది," అని ముందుగా చెయ్యి ఎత్తాడు. తర్వాత ఇర్మా ఎత్తింది. మిగతావాళ్ళూ ఎత్తారు. పక్క ఊరి అమ్మాయికి వచ్చే ఏడాది మొదటి అవకాశం ఇవ్వాలని ఇర్మానే రాయించింది.

బయట వాన సన్నగా పడుతోంది. ఎలాయ్ తన పాత కారు పక్కన నిలబడి ఉంటే మారెన్ వచ్చింది.

"రేపటి నుంచి మీ ఫైలు నా దగ్గర ఉండదు," అన్నాడు. "మా ఆఫీసులో పనిచేసే కార్లా చూస్తుంది."

"ఎందుకు? మళ్ళీ ఏమైంది?"

"నా దగ్గరుంటే మిమ్మల్ని భోజనానికి పిలవకూడదు."

ఆమె జడ మీది చినుకులు దులుపుకుంది.

"పిలుస్తున్నావా?"

"పిలుస్తున్నాను."

"ఎన్నింటికి?"

అతను జవాబు చెప్పేలోపు ఆర్లిన్ వచ్చాడు. కూతురి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు. ఎలాయ్ వైపు చూడలేదు. వంగి కారు ముందు టైరు మీద బొటనవేలు నొక్కాడు.

"వీటితో చలికాలం గడవదు," అన్నాడు.

"ఇది జూన్ కదండీ."

"చలికాలం వస్తుంది. శనివారం మా షెడ్డుకి తీసుకురా." అంతే, తన ట్రక్కు వైపు నడిచాడు.

"ఆయనకి కోపమొచ్చిందా?" అన్నాడు ఎలాయ్ గొంతు తగ్గించి.

"మా నాన్న టైర్లు చూశాడంటే, ఆ మనిషి మంచు పడేనాటికి ఇక్కడే ఉండాలని కోరుకున్నట్టు."

"మరి నువ్వు?"

"నేను చదువయ్యాక కూడా మూడేళ్ళు ఎటూ కదలడానికి లేదు," అంది మారెన్. "ఒక్కదాన్నే ఉండాలని మాత్రం కమిటీ ఎక్కడా అనలేదు."