నిప్పు నోటి దెయ్యం వాటా

కూర్మన్నపాలెం జంక్షన్ దాటాక ఎడంపక్క సందులో శ్రీరామ్మూర్తి కట్టిన పెంకుటిల్లుంది. పొద్దుగూకితే ఆ ఇంటిముందు సైకిళ్ళు కూడా బెల్లు కొట్టకుండా పోయేవి. లోపల పొగ లేస్తాదట... దగ్గు వినిపిస్తాదట... వీధి తలుపుకి చూస్తే తాళం వేసినట్టే ఉంటాదట.

శ్రీరామ్మూర్తి పోర్టులో కళాసీ. ధనిష్టా పంచకంలో పోయాడు. అలాంటి నక్షత్రంలో పోతే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలి కదా. కొడుకు దొరబాబు దినాలవగానే తాళమేసేశాడు. అంత భక్తి వాడికి ఏ దేవుడి మీదా చూళ్ళేదు. తాను గాజువాకలో అద్దెకి దిగి, నాయనమ్మ గంగాలమ్మని పరవాడలో చుట్టాలింటికి తోలేశాడు.

ఆర్నెల్లు గడిచాయి. ముసిల్దాన్ని మాత్రం పిలవలేదు.

ఉక్కు ఫ్యాక్టరీ పనులొచ్చి అక్కడి జాగాలకి గిరాకీ పెరిగింది. గోదావరి జిల్లా నుంచి అచ్యుతరామయ్యని ఒకాయన ఇల్లు కొంటానన్నాడు. ఇంకెవరైనా వారసులున్నారా అనడిగితే, తల్లి ఎప్పుడో పోయింది, తోబుట్టువుల్లేరు, నానొక్కడినే అన్నాడట దొరబాబు.

పగలు చూపిస్తే ఇరుగుపొరుగు నోరు విప్పుతారని మసకేళ తీసుకెళ్ళాడు. కరెంటు పోయుంది. తాళం తీశారు. లోపల చుట్ట వాసన...

"మీ నాన్నగారు చుట్ట కాల్చేవారాండీ?" అని మెల్లిగా అడిగాడు అచ్యుతరామయ్య.

శ్రీరామ్మూర్తికి ఆ అలవాటే లేదు.

వంటింటి గడపలో ఏదో తెల్లగా కూర్చునుంది. ముక్కులోంచి పొగ వస్తంది. నిప్పు మాత్రం ఎక్కడా కనపడదు.

అది నోరు తెరిచింది—

నిప్పు లోపలుంది. నాలిక మీద... ఎర్రగా...

"నా వాటా అమ్మడానికి నువ్వెవడివిరా, దొరబాబూ?"

అచ్యుతరామయ్య చెప్పులక్కడే వదిలేసి, పంచె చేత్తో పట్టుకుని జంక్షన్ దాకా ఆగలేదట. దొరబాబు మాత్రం కదల్లేదు. దెయ్యమైతే వాడూ పరిగెట్టేవాడే.

"నాయనమ్మా..." అన్నాడు.

అవును. ఆ గంగాలమ్మని నానే.

చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగడం మా పక్క ఆడోళ్ళకి అలవాటు. గోదావరాయనకేటి తెలుస్తాది? ఆర్నెల్లూ పూర్తిగా పోనిచ్చి మరీ వచ్చాను, నాను శాస్త్రం తప్పే మనిషిని కాదు. పెరటి తలుపు పెట్టించిందే నాను, దాని గడియ నాకు లొంగదా? ముందే తెలిస్తే గెంటేస్తాడని దీపం పెట్టుకోలేదు.

కొడుకు వీలునామా రాయకుండా పోతే, వాడు సంపాదించిన దాంట్లో వాడి బిడ్డలతో సమానంగా కన్నతల్లికీ వాటా ఉంటాదని ప్లీడరు చెప్పాడు. కోడలు ముందే పోయింది, బిడ్డ వీడొక్కడే. అంటే సగం నాది. పంచకం ఇంటిని పాడుపెట్టమంది గాని నన్ను కాదు.

దొరబాబు ఇప్పుడు ముందుగదిలో ఉంటన్నాడు. నాను వాడితో మాటాడను. గోదావరాయన వదిలెళ్ళిన చెప్పులు మాత్రం వాడిచేతే పంపించాను.

అచ్యుతరామయ్యకి ఇంకా ఆశ చావలేదు. ఆ దెయ్యం వేలిముద్ర వేస్తే కొంటానని మొన్న కబురెట్టాడు.

నా బొటనేలు నా చేతికే ఉంది.