తెల్లగా మిగిలిన ఇరవై నిమిషాలు

"మా ఆయన నిద్రపోలేదు సార్. నిద్రపోయానని తనే సంతకం పెట్టి ఇచ్చాడు, అయినా నేను నమ్మను."

డిటెక్టివ్ ఎదురుగా కూర్చున్న ఆవిడ అంది. ఆవిడ భర్త తీరంలోని రేడియో స్టేషన్‌లో సిగ్నళ్ల బలం కొలిచే ఉద్యోగి. అందరూ గ్రాఫు మాస్టారంటారు. పోయిన నెల ఒక పడవ మునిగి, స్టేషన్ అధికారి ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు. పడవలో రేడియో ఉంది, ఆపదలో అతను పిలిచే ఉంటాడు, కానీ ఆ పిలుపు స్టేషన్‌లో ఎవరికీ వినపడలేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కునుకు పట్టిందని, పిలుపు అప్పుడే వచ్చి ఉంటుందని మాస్టారు ఒప్పేసుకున్నాడు. రేపే విచారణ. జైలు తప్పదని అందరూ అంటున్నారు.

ఆవిడ సంచిలోంచి ఒక కాగితపు చుట్ట తీసింది. పడవ మునిగిన రోజు యంత్రం గీసిన సిగ్నళ్ల గ్రాఫు పోయిందని ఆఫీసులో చెప్పిన మాస్టారు, దాన్ని బీరువాలో చొక్కాల కింద దాచాడట.

డిటెక్టివ్ దాన్ని బల్లమీద పరిచాడు. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ. సిగ్నల్ ఎంత బలంగా ఉంటే మచ్చ అంత నల్లగా పడుతుంది. ఎవరూ మాట్లాడకపోయినా గాలిలోని గరగర బూడిదరంగులో పడుతూనే ఉంటుంది. ఐదు నిమిషాలకోసారి డ్యూటీలో ఉన్న మనిషి పక్కన టిక్కు పెట్టాలి.

ఒంటిగంట దగ్గర పైనుంచి కిందదాకా నల్లగీతలు. ఒకటీ ఐదు నుంచి ఒకటీ ఇరవై ఐదు దాకా కాగితం తెల్లగా ఉంది. ఒంటిగంట నుంచి అంతవరకూ టిక్కులు ఆకుపచ్చ ఇంకులో, దానికి ముందూ తర్వాతా నీలం ఇంకులో ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి.

"నిద్రపోయినాయన టిక్కులెలా పెట్టాడు సార్?" అంది డిటెక్టివ్ సహాయకురాలు. డిటెక్టివ్ ముందు కాగితాలు కూడా నోరు విప్పుతాయని ఆవిడకి గట్టి నమ్మకం. ఈసారి ఆయన ఆకుపచ్చ టిక్కుల్ని ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు.

ఆ పూటే ఇద్దరూ స్టేషన్ గోడవతల ఉన్న వెల్డింగ్ షాపు వాణ్ణి కలిశారు. అవతలి తీరంలోని స్టేషన్ నుంచి అదే రోజు గ్రాఫు తెప్పించారు. సాయంత్రం కిటికీలు లేని రికార్డింగ్ గదిలో అధికారినీ, మాస్టారినీ, ఆయన భార్యనీ కూర్చోబెట్టారు.

డిటెక్టివ్ చుట్ట విప్పగానే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు సార్. నేను ఒప్పుకున్నాను కదా."

పాపం, ఆయన మాట ఎవరు వింటారు? డిటెక్టివ్ చెప్పక తప్పలేదు. మాస్టారికి షుగరు. ఆయన వేళకి తినాలని, రోజూ భోజనం వేళ అరగంట అధికారే ఆ కుర్చీలో కూర్చునేవాడు. పుస్తకంలో మాత్రం డ్యూటీ మాస్టారిదే. ఆ రోజు నిలువుగీతలు చూసి అధికారి ఉరుములనుకున్నాడు. పిడుగు పడితే యంత్రం కాలిపోతుందని సిగ్నళ్లు అందుకునే ఏరియల్ వైరు పీకేశాడు. అది ఆ ఉద్యోగంలో ఎవరైనా చేసే జాగ్రత్తే. కిటికీల్లేని గదిలో ఆయనకి తెలియలేదు గానీ, బయట ఆకాశం నిర్మలంగా ఉంది. ఆ గీతలు గోడవతల అదే వేళకి చేసిన వెల్డింగ్ నిప్పురవ్వలవి. వైరు లేకపోతే గరగర కూడా పడదు, అందుకే కాగితం తెల్లగా మిగిలింది.

"ఆకుపచ్చ ఇంకు మీది కదండీ?" అన్నాడు డిటెక్టివ్ మెల్లగా.

అధికారి తన టిక్కుల్ని చూశాడు. తర్వాత మాస్టారి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"ఆ సాయంత్రం గ్రాఫు చూడగానే తెలిసింది సార్. పిలుపు ఎప్పుడొచ్చిందో తెలిస్తే మీరు తట్టుకోలేరనిపించింది. కొడుకుని పోగొట్టుకున్న మనిషికి ఇది ఏ నోటితో చెప్పను?"

అధికారి అవతలి స్టేషన్ గ్రాఫు దగ్గరికి లాక్కున్నాడు. దూరం వల్ల అక్కడి వాళ్లకి మాట వినపడలేదు గానీ, కాగితం మీద సన్నటి మచ్చ పడింది. ఎవరూ చెప్పనక్కర్లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆయన చదువుతున్నవి అవే. ఒకటీ పది దగ్గర మచ్చ మొదట్లో వేలు పెట్టి, చివరిదాకా జరిపాడు.

"పదకొండు నిమిషాలు పిలిచాడు," అన్నాడు. "మొదట్లో గట్టిగానే ఉంది. ఇక్కడ బ్యాటరీ తగ్గింది. ఇక్కడ కాసేపు ఆగాడు, మేం జవాబిస్తామేమోనని. మళ్లీ పిలిచాడు."

మాస్టారి భార్య కోరుకున్నది ఆవిడకి దక్కింది. ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది, సంతోషం వల్ల కాదు.