ప్లేటు ముప్పై రూపాయలే

తెల్లారేసరికి ఆ హిందీ ఊళ్లో, తెలిపారా అనే పేట సందులో త్రినాథరావు ఇడ్లీ, దోసెల బండి చుట్టూ జనం మూగారు. అతని చూపు మాత్రం రోడ్డు అవతలే ఉంది. అక్కడ కొత్తగా పెట్టిన టిఫిన్ సెంటర్లోనూ ప్లేటు ముప్పై రూపాయలే. పైగా సాంబారు ఎంతడిగితే అంత.

మినపప్పు పెరిగింది, గ్యాసూ పెరిగింది. మొన్నామధ్య ఐదు రూపాయలు పెంచి చూశాడు. డ్యూటీ దిగి వచ్చే రైల్వేవాళ్లు మారుమాట లేకుండా రోడ్డు దాటేశారు. చచ్చినట్టు పాత ధరకే దిగొచ్చాడు. ఖర్చులు దిగిరాలేదు. అందుకే పనిమనిషిని మాన్పించి, కాలేజీలో చదివే కూతురు భానుప్రియను ప్లేట్ల దగ్గర నిలబెట్టాడు. కొన్నాళ్లే అన్నాడు. ఆ కొన్నాళ్లు ఎప్పటికీ తీరేలా లేవు.

ఆ ఉదయం భానుప్రియ గబగబా చేతులు కడుక్కుని తండ్రితో అంది.

"పాపా, నేను వెళ్లాలి. ఆజ్ మేరా ప్రాక్టికల్ ఎగ్జామ్ హై."

"ఇంత గిరాకీ వదిలేసి ఏటి ప్రాక్టికలు? ఇంకోసారి చేసుకోవచ్చులే."

"నహీ హోతా పాపా! ఇవాళ పోతే సంవత్సరం పోతాది."

"మరి నన్నేటి చెయ్యమంటావ్? రేటు పెంచితే పోతారు, సాంబారు తగ్గిస్తే పోతారు!"

"నేనైతే ఎక్కడికీ పోననే కదా నన్ను నిలబెట్టేరు!" ఆ పిల్ల ప్లేట్లు పక్కకి నెట్టేసింది.

ఇడ్లీలు దించుతున్న నీలవేణి మొగుడి వైపు తిరిగింది.

"అచ్ఛా! గిరాకీల మీద వెయ్యలేని ఖర్చు పిల్ల నెత్తిన వేసేసేరా? ఆళ్లకైతే రోడ్డవతల ఇంకో కొట్టుంది. దీనికి ఇంకో నాన్న ఉన్నాడేటండీ?"

త్రినాథరావు కూతురి వైపు తిరిగాడు. అవతలి కొట్లో ఎవరు తింటున్నారో రోజూ చూస్తూనే ఉన్నాడు. పక్కనే నిలబడ్డ కూతురి ముఖం చూసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

పొయ్యి ఆపేశాడు.

"భయ్యా, మేరా దోసా?" అన్నాడొకడు.

"ఆజ్ బంద్."

జనం గొణుక్కుంటూ రోడ్డు దాటారు. త్రినాథరావు అటు చూడకుండా స్కూటర్ తీశాడు.

కాలేజీ గేటు దగ్గర దిగిన కూతురితో మెల్లగా అన్నాడు.

"రేపట్నుంచి దోసెలు మానేస్తాం తల్లీ. ఇడ్లీలకి అమ్మా నేనూ చాలు."

"గిరాకీ పోద్ది కదా పాపా?"

"పోనీ. నువ్వు చదువుకో."

భానుప్రియ తండ్రిని చుట్టుకుని భోరుమంది. త్రినాథరావూ ఏడ్చాడు. హెల్మెట్ ఉండబట్టి నలుగురిలో పరువు దక్కింది.