ఇదే రోజున, ఒక గంట ముందు

దేశ రహస్యాలను కాపాడే భవనంలో లిఫ్ట్ పాడై నాలుగు నెలలైంది. దాన్ని బాగుచేయించడం ఎవరి పనో చెప్పే ఫైలు కూడా రహస్యమే కాబట్టి ఎవరూ అడగలేదు. ఏజెంట్ పదిహేడు మూడంతస్తులు మెట్లెక్కి చీఫ్ గదిలోకి వెళ్లేసరికి జూలై ఇరవై, ఉదయం పదకొండున్నర.

"కూర్చో. టైం లేదు," అన్నాడు చీఫ్ దగ్గుబిళ్ల చప్పరిస్తూ. టైం లేదన్న సంగతి చెప్పడానికి ఆయనకు మామూలుగా పది నిమిషాలు పడుతుంది.

బల్ల మీద మూడు పేపర్ కటింగులున్నాయి. మూడూ ఒకే దినపత్రికవి, ఒకే కాలమ్‌వి. పేరు 'ఇదే రోజున'. ఆ తేదీన ప్రపంచంలో ఎప్పుడెప్పుడు ఏమేం జరిగాయో రోజుకి ఏడు ముక్కల్లో చెప్పే కాలమ్.

"ఎప్పుడైనా చదివావా?"

"లేదు సార్. దాన్ని ఎవరూ చదవరు."

"నల్లతేలు చదువుతోంది."

నల్లతేలు అంటే పొరుగుదేశపు గూఢచారి ముఠా. ఆ పేరు డిపార్ట్‌మెంటే పెట్టింది. పేర్లు పెట్టడం వరకు డిపార్ట్‌మెంట్‌ని కొట్టేవాడు లేడు. పట్టుకోవడం దగ్గరే నీళ్లు నములుతుంది.

"మార్చి పదమూడు," అన్నాడు చీఫ్ మొదటి కటింగు తోస్తూ. "యురేనస్ గ్రహాన్ని కనుక్కుంది 1781లో. ఇక్కడ 1790 అని పడింది. తేడా తొమ్మిది. ఆ రోజు పొద్దున్న మన అబ్జర్వేటరీ డైరెక్టర్‌ని కాల్చేశారు. మే ఇరవై నాలుగు. బ్రూక్లిన్ బ్రిడ్జి తెరిచింది 1883లో. 1894 అని పడింది. తేడా పదకొండు. ఆ రోజు మన బ్రిడ్జి ఇంజనీరు బ్రిడ్జి మీదే పోయాడు. తప్పు పడ్డ ముక్క చోటు చెబుతుంది, సంవత్సరాల తేడా టైం చెబుతుంది. ఒకరి మొహం ఒకరు చూడని నల్లతేలు మనుషులంతా పొద్దున్నే పేపర్ కొనుక్కుని ఆర్డర్లు తీసుకుంటున్నారు."

"అయితే హత్యలు తొమ్మిదికీ పదకొండుకీ జరిగాయా?"

"ఎనిమిదికీ పదికీ. గంట ముందే వచ్చేస్తున్నారు. క్రమశిక్షణ ఉన్నవాళ్లు," అన్నాడు చీఫ్ కొంచెం అసూయగా.

మూడో కటింగు ఆ రోజుదే. 1944లో ఇదే రోజున జర్మన్ నియంత మీటింగ్ గదిలో బల్ల కింద బ్రీఫ్‌కేసు బాంబు పేలింది. కాలమ్‌లో 1948 అని పడింది.

"మీటింగ్ గది. బ్యాగులో బాంబు. సాయంత్రం నాలుగు," అన్నాడు చీఫ్. "ఇవాళ నాలుగింటికి నగరంలో పదహారు పెద్ద మీటింగులున్నాయి. అన్నిచోట్లా మనవాళ్లని పెట్టాను. మన మీటింగ్ మూడింటికే కాబట్టి మనకి భయం లేదు. ముత్యం వచ్చి సాక్ష్యాలన్నీ బల్ల మీద పెడుతుంది."

ముత్యం ఆ పత్రికాఫీసులో పేజీలు పెట్టే అమ్మాయి. డిపార్ట్‌మెంట్‌కి ఏడాదిగా ఇన్ఫార్మర్. కాలమ్ గుట్టు బయటపెట్టింది తనే. ఆవిడ ఆకుపచ్చ కళ్లద్దాలు తీసి జుట్టు వెనక్కి తోసుకుంటే పన్నెండుమంది సీనియర్ ఆఫీసర్లు చదువుతున్న రిపోర్టులు తలకిందులుగా పట్టుకుంటారు. గేటు దగ్గర మంత్రుల సంచులు వెతికే గార్డు ఆవిడ బ్యాగు తనే మోసుకొస్తాడు.

"కాలమ్ రాసేవాణ్ణి అరెస్ట్ చేసి మూడింటికల్లా తీసుకురా. ద్రోహి అతనేనని ముత్యం రాతపూర్వకంగా ఇచ్చింది. నీకు తెలిసినాయనే. మీ మామగారు."

పదిహేడు మొహంలో ఏ మార్పూ కనిపించలేదు. అలా కనిపించకుండా ఉండడానికి ఆయనకు ఆర్నెల్ల ట్రైనింగ్ ఇచ్చారు.

"అందుకే నిన్ను పంపుతున్నా. ఇంట్లో మనిషైతే గొడవ చెయ్యడు," అన్నాడు చీఫ్. దేశద్రోహానికి శిక్ష ఏమిటో ఆయన చెప్పలేదు. అది ఆ భవనంలో అందరికీ తెలుసు.

గ్యాడ్జెట్ల సెక్షన్‌లో పదిహేడుకి ఏసీ మెకానిక్ యూనిఫాం, పెట్టుడు మీసం, ఒక ఫౌంటెన్ పెన్ను ఇచ్చారు. మూత తిప్పితే పెన్ను చివర నుంచి మత్తుసూది దూసుకొస్తుంది. కనీసం కాయితం మీద అలాగే ఉంది. ఇంతవరకు అది ఇద్దరు ఏజెంట్ల జేబులు మాత్రం సిరాతో తడిపింది. తర్వాత జీపు కోసం మూడు సంతకాలు కావలసి వచ్చాయి. రెండో సంతకం పెట్టాల్సినాయన భోజనానికి వెళ్లాడు. పదిహేడు పత్రికాఫీసు చేరేసరికి రెండుంపావు అయింది.

మామగారంటే ఆయనకు మొదటినుంచీ చిన్నచూపే. ముప్ఫై ఏళ్లుగా కార్డులు రాసుకుంటూ బతికిన మనిషి. అన్నానికి కూర్చుంటే చాలు, "ఇదే రోజున..." అని మొదలుపెడతాడు. ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఏ ఓడ మునిగిందో చెబుతుంటే అల్లుడికది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఇప్పుడా మనిషికి బేడీలు వేసి తీసుకెళ్లాలి. సాయంత్రం ఇంటికెళ్లి భార్యకి ఏం చెప్పాలో పదిహేడుకి తోచలేదు. దానికి ట్రైనింగ్ లేదు.

రెఫరెన్స్ గది నేలమాళిగలో ఉంది. గోడల నిండా చిన్న చెక్క సొరుగులు. రోజుకొకటి చొప్పున మూడు వందల అరవై ఆరు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది సొరుగు సగం ఖాళీ కాబట్టి పెద్దాయన అందులో చెంచా, గ్లాసు పెట్టుకుంటాడు.

"ఏసీ చూడ్డానికి వచ్చాను," అన్నాడు పదిహేడు గొంతు మార్చి.

పెద్దాయన తలెత్తలేదు. "ఈ గదిలో ఏసీ లేదు అల్లుడుగారూ. కూర్చోండి. మీసం ఎడంవైపు ఊడుతోంది, చూసుకోండి."

పదిహేడు మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. "మీకెలా తెలుసు?"

"మీరు తూనికలు కొలతల శాఖలో పనిచేస్తున్నానని పెళ్లిచూపుల్లో చెప్పారు. ఆ శాఖని తీసుకెళ్లి ఇంకో శాఖలో కలిపేసి ఆరేళ్లయింది. తేదీ కూడా చెప్పగలను. మీరు మాత్రం రోజూ అక్కడికే వెళ్తున్నారు. ఇంకేం పని అయ్యుంటుంది? అమ్మాయికి చెప్పలేదు లెండి."

ఎనిమిదేళ్ల రహస్యం అది. పదిహేడు స్టూలు మీద కూలబడి కటింగులు మూడూ బల్ల మీద పరిచాడు. "వీటికి మీరు జవాబు చెప్పాలి, మామయ్యగారూ. ఇద్దరు మనుషులు చచ్చిపోయారు."

పెద్దాయన కటింగులు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేచి మార్చి పదమూడు సొరుగు, మే ఇరవై నాలుగు సొరుగు లాగాడు. ఒక్కో సొరుగులోనూ అచ్చుకి ముందు సరిచూసి సంతకం చేసిన ప్రూఫు, దానికి పిన్ను పెట్టిన ఉత్తరం కార్బన్ కాపీ. ప్రూఫుల్లో సంవత్సరాలు సరిగ్గానే ఉన్నాయి. ఉత్తరాలు ఎడిటర్‌కి. 'తేదీ తప్పు పడినది. సవరణ వేయగోరుతున్నాను.'

"రెండుసార్లు రాశాను. రెండూ చెత్తబుట్టలో వేశాడు. ఎవడు చదువుతాడయ్యా అన్నాడు. మీకూ చెప్పాను."

"నాకా?"

"మే ఇరవై అయిదున, భోజనాల దగ్గర. మా పేపర్‌వాళ్లు బ్రిడ్జి పదకొండేళ్లు లేటుగా కట్టించారు అల్లుడుగారూ అన్నాను. మీరు కూర కొంచెం వెయ్యమన్నారు."

పదిహేడుకి గుర్తొచ్చింది. కూర కూడా గుర్తొచ్చింది. ఇద్దరు చచ్చిపోయిన కేసులో మొదటి క్లూ తన కంచం పక్కనే పడితే ఇంకో ముద్ద కలుపుకుని తిన్నాడు. జీవితంలో ఆయన చాలామందిని వెధవలనుకున్నాడు. ఆ జాబితాలో తన పేరు చేర్చుకోవడం మాత్రం అదే మొదలు.

"ప్రూఫు మీద మీరు సంతకం పెట్టాక పేజీని ఎవరు ముట్టుకుంటారు?"

"ఒక్కరే. పేజీలు పెట్టే అమ్మాయి. ఇవాళ సెలవులో ఉంది. మూడింటికి ఎక్కడో మీటింగ్ ఉందట."

పదిహేడు నవ్వు తెచ్చుకున్నాడు. "మూడుకి మాతోనే ఉంటుంది. బాంబు నాలుగింటికి. అక్కడే పట్టుకుంటాం. ముందు జరిగినవి గంట ముందే జరిగాయనుకోండి, అది వాళ్ల..."

"గంట ముందా?" పెద్దాయన చేతిలో సొరుగు ఆగింది. "రెండుసార్లూ సరిగ్గా గంటేనా?"

"సరిగ్గా గంటే."

"ఎవరి గడియారం ప్రకారం?"

"అంటే?"

"చంద్రుడి మీద మనిషి ఏ రోజు దిగాడు?"

"మామయ్యగారూ, ఇప్పుడది..."

"లోకమంతా జూలై ఇరవై అంటుంది. అప్పుడు మన గడియారంలో ఇరవై ఒకటి తెల్లవారుజాము. ముప్ఫై ఏళ్లుగా ఎడిటర్‌తో కొట్టుకుంటున్నాను, మన పేపర్లో ఇరవై ఒకటిన వెయ్యమని. పొరుగుదేశం గడియారం మనకంటే గంట ముందుంటుంది. వాళ్ల నాలుగంటే మన మూడు."

గోడ గడియారం రెండు నలభై చూపిస్తోంది.

పదహారు మీటింగులకూ మనుషుల్ని పంపిన డిపార్ట్‌మెంట్ చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతుకుతోందన్నమాట. ముత్యం కాలమ్ గుట్టు చెప్పింది ఆఫీసర్లందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికే. పదిహేడు బల్ల మీది ఫోన్ అందుకున్నాడు.

"కోడ్ వర్డ్?" అంది ఆపరేటర్ గొంతు.

"పసుపు గొడుగు."

"అది నిన్నటిది. ఇవాళ్టిది చెప్పండి."

"మీ తలల కింద బాంబుంది!"

"అది కూడా కాదు," అని ఆపరేటర్ పెట్టేసింది.

ఇవాళ్టి కోడ్ వర్డ్ రాసిన చీటీ చీఫ్ జేబులోనే ఉండిపోయిందని తర్వాత తేలింది.

జీపు స్టార్ట్ కాలేదు. కాగితం రీళ్లు దించి వెళ్లిపోతున్న వ్యాను ముందు పదిహేడు చేతులడ్డం పెట్టి నిలబడ్డాడు. డ్రైవర్ తిట్టిన తిట్లలో సగం ఆయనకి కొత్తవి. అయినా నడిపాడు, బాగా నడిపాడు. రెండు యాభై ఆరుకి భవనం గేటు దగ్గర దింపాడు. ఆ రోజు మారు ప్రశ్న వెయ్యకుండా తన పని తాను చేసిన మనిషి అతనొక్కడే.

"రిజిస్టర్లో సంతకం," అన్నాడు గార్డు.

"నేనయ్యా, పదిహేడుని!"

"మెకానిక్కులు రిజిస్టర్లో రాయాలి. పేరు, పని, తేదీ."

పదిహేడు పెన్ను తీసి మూత తిప్పాడు. సూది దూసుకొచ్చింది. గార్డు ఆశ్చర్యంగా తన భుజం వైపు చూసుకుని, రిజిస్టర్ మీద బుగ్గ ఆనించి గుర్రుపెట్టాడు. ఆ పెన్ను పనిచేసిందని గ్యాడ్జెట్ల సెక్షన్‌కి చెబితే ఇప్పటికీ నమ్మరు.

మూడంతస్తులు. లిఫ్ట్ పాడు. పదిహేడు తలుపు తోసేసరికి రెండు యాభై తొమ్మిది.

పన్నెండుమంది ఆఫీసర్లు పొడవాటి బల్ల చుట్టూ బిస్కెట్లు తింటున్నారు. ఒక కుర్చీ ఖాళీ.

"ముత్యం ఏది?"

"మొహం కడుక్కోవడానికి వెళ్లింది," అన్నాడు చీఫ్. "మీ మామగారేరి?"

బల్ల కాలికి ఆనించి నల్ల తోలు బ్యాగు నిలబడి ఉంది. పదిహేడు వంగి దాన్ని లాక్కున్నాడు. మూలనున్న స్ట్రాంగ్ రూం ఇనుప తలుపు ఎప్పట్లాగే బార్లా తెరిచి ఉంది, గాలి ఆడుతుందని. బ్యాగు లోపలికి విసిరి, తలుపు మూసి, చక్రం తిప్పాడు.

"ఏమయ్యా, అందులో సాక్ష్యాలు..."

ఇనుప తలుపు ఇవతలికి ఉబ్బింది. కిటికీ అద్దాలు రాలాయి. బిస్కెట్ల ప్లేటు చీఫ్ ఒళ్లో పడింది. ఆఫీసర్లందరూ ఒకేసారి బల్ల కిందికి దూరారు. ఆ గదిలో ఏకగ్రీవంగా జరిగిన మొదటి పని అది.

"లోపల ముప్ఫై ఏళ్ల ఫైళ్లున్నాయి," అన్నాడు చీఫ్ చివరికి. "ఏమేం పోయాయో లిస్టుందా?"

"లిస్టు కూడా లోపలే ఉంది సార్," అన్నారు ఎవరో. ఏమేం పోయాయో ఈ రోజు వరకు ఎవరికీ తెలీదు, ఏ పనీ ఆగలేదు.

పదిహేడు అప్పటికే వెనక మెట్లు దిగుతున్నాడు. వెనక గేటు బయట, మండే ఎండలో ముత్యం నిలబడి ఉంది. ఆకుపచ్చ కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. వీధి అటూ ఇటూ చూస్తోంది. రావలసిన కారు రాలేదు.

"డ్రైవర్ కొత్తవాడా?" అని అడిగాడు పదిహేడు, ఆమె మణికట్టు పట్టుకుని.

ముత్యం పళ్లు కొరికింది. "ఇక్కడి మనిషి. పోయిన నెల చేరాడు. గడియారం సంగతి వాడికెవరూ చెప్పినట్టు లేదు. వెధవ!"

"మా దగ్గర అలాంటివాళ్లు బోలెడుమంది. రండి, లోపల నీడలో కూర్చుందాం."

డ్రైవర్ సరిగ్గా నాలుగింటికి వచ్చాడు. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. ముందే చెప్పినట్టున్నారు, రెండుసార్లు హారన్ కూడా కొట్టాడు. ముఠాలో అందర్నీ కారులో తిప్పేది వాడే కాబట్టి వాడి డైరీలో బాంబు చేసినవాడి అడ్రసు దగ్గర్నుంచి అందరివీ నీట్‌గా రాసి ఉన్నాయి. కొత్తగా చేరాడు కదా, మర్చిపోతానని రాసుకున్నాడట.

ఆ సాయంత్రం చీఫ్ పెద్దాయనకు ఫోన్ చేసి, దేశం మీకు రుణపడి ఉంది, ఏం కావాలో కోరుకోండన్నాడు. పెద్దాయన పతకం అడగలేదు. రెండు మాటలు చెప్పాడు. ఎడిటర్‌కి దేశభద్రత పేరుతో ఒక లేఖ వెళ్లింది. డిపార్ట్‌మెంట్ ఆర్డరు అంత వెంటనే అమలు కావడం ఈ తరంలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

మర్నాడు, జూలై ఇరవై ఒకటిన, మొదటి పేజీలోనే మూడు సవరణలు వచ్చాయి: యురేనస్, బ్రిడ్జి, బాంబు. లోపలి పేజీలో 'ఇదే రోజున' కాలమ్. మొదటి ముక్క: చంద్రుడి మీద మనిషి దిగాడు, మన గడియారం ప్రకారం.

మధ్యాహ్నం పెద్దాయన కూతురింటికి భోజనానికి వచ్చాడు. కంచం ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, "ఇదే రోజున..." అని మొదలుపెట్టాడు. అల్లుడు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, తలెత్తి విన్నాడు. ఏడు ముక్కలూ విన్నాడు. రెండోదాన్ని మళ్లీ చెప్పమన్నాడు కూడా.

పదిహేడు భార్య గరిటె పట్టుకుని ఇద్దరినీ అనుమానంగా చూసింది. "ఏంటండీ ఈ విడ్డూరం? నిన్న మీ తూనికల ఆఫీసులో ఏమైనా జరిగిందా?"

"ఏం లేదే," అన్నాడు పదిహేడు.

"ఏం లేదమ్మా," అన్నాడు పెద్దాయన కూర వడ్డించుకుంటూ. "కొలతలో ఒక గంట తేడా వచ్చింది. అల్లుడుగారు సరిచేశారు."