పది పవర్ మైనస్ ఎనిమిది

జడ్చర్ల పారిశ్రామికవాడ వెనుక కిరాయికిచ్చిన షెడ్డులో మందులు తయారుచేస్తున్నారంటే తాను నమ్మనని పక్కింటి నాగులమ్మ అన్నదట. “డ్రమ్ములు లోపలికి పోతయి గానీ ఒక్క గోలీ బయటికి రాదు. అండ్ల ఉండేటోళ్లు అగ్గిపుల్ల సుత బదులడుగరు. గసొంటోళ్లను ఎట్ల నమ్ముతం?” అన్నదట. ఆ మాట టీకొట్టు కాటమయ్య నోటి గుండా ఇంటెలిజెన్స్ ఆఫీసర్ దివాకర్ చెవిన పడింది.

వారం తిరక్కుండానే తన ఏజెంటు ఫిరోజ్‌కు దివాకర్ బ్రీఫింగ్.

“విదేశీ ముఠా. కొత్త మందుకు మూలమైన సూక్ష్మజీవుల సీసాను కంపెనీలకెళ్లి కొట్టేసిన్రు. షెడ్డుకెళ్లి దాన్ని తీసుకపోవాల్సిన కొరియర్‌ను కోస్గి బస్టాండుల పట్టుకున్నం. ఆయన జాగల నువ్వు పోవాలె, ఫిరోజ్. సీసా దేశం దాటితే ఆ మందు మనది కాదు.”

“కోడ్ ఏంది సార్?”

జవాబు నిహారిక నుంచి వచ్చింది. నల్ల గాగుల్స్, పట్టుచీర, తొణకని నవ్వు. ముఠాలో ఉంటూ దివాకర్‌కు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

“ప్రవీణ్ అని వాళ్ల కెమిస్టు ఉంటడు. పది పవర్ మైనస్ ఎనిమిది మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, పీహెచ్ ఎంత అని అడుగుతడు. ఎనిమిది అను. పవర్ ఎంతుంటే పీహెచ్ గంత.”

“యాసిడ్‌కు ఎనిమిదా? ఏడు దాటితే అది యాసిడే కాదు గదా.”

“కోడ్‌కు కెమిస్ట్రీతో ఏం పని భాయ్?”

ఆ నవ్వు ఫిరోజ్‌కు మింగుడుపడలేదు. అయినా కోడ్ కోడే. తప్పు జవాబునే గుర్తుగా పెట్టుకుని ఉండొచ్చు.

చొక్కా గుండీలో మైకు, చేతిలో ఐస్ డబ్బాతో షెడ్డులోకి అడుగుపెట్టాడు. దివాకర్ మనుషులు హమాలీల వేషంలో బయట కాచుకున్నారు. లోపల తెల్లకోటు వేసుకున్న ప్రవీణ్, పిస్టల్ గురిపెట్టి నిలబడ్డాడు. నిహారిక ఫిరోజ్ భుజం పక్కనే ఉంది.

“పది పవర్ మైనస్ ఎనిమిది. పీహెచ్ చెప్పు. ఒక్కటే ఛాన్సు.”

ఎనిమిది అనబోయి ఫిరోజ్ ఆగాడు. నిహారిక చప్పుడు లేకుండా గోడ దిక్కు జరిగింది, తూటా దారిలోంచి తప్పుకుంటున్నట్టు.

అంటే ఎనిమిది కాదు. అతని మెదడు లెక్కలో పడింది. ఇంత పలచని యాసిడ్ ఇచ్చే హైడ్రోజన్ అయాన్ల కంటే, నీళ్లలో సొంతంగా ఉండేవే పది రెట్లు. వాటిని మరిస్తేనే ఎనిమిది. కలిపితే ఏడుకు జర కింద. యాసిడ్ పడితే నీళ్లు తమ వంతు కొంచెం తగ్గించుకుంటాయి. మొత్తం కలిపి పది పవర్ మైనస్ ఏడుకు ఒకటి పాయింట్ సున్న ఐదు రెట్లు.

ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది.

“ఆరు పాయింట్ తొమ్మిది ఎనిమిది.”

వేలు సడలింది. “నీళ్లను మరువలే. మనోడే,” అంటూ ప్రవీణ్ సీసాను ఐస్ డబ్బాలో పెట్టాడు. ఫిరోజ్ గుండీ దగ్గరగా దగ్గాడు. అదే సిగ్నల్. తలుపు విరిగిపడింది, దివాకర్ తన మనుషులతో లోపలికి దూసుకొచ్చాడు.

ప్రవీణ్‌ను బేడీలు వేసి తీసుకెళ్లాక నిహారిక గాగుల్స్ తీసింది.

“లెక్క తప్పిన సార్. ఇంటర్ల కోచింగోళ్లు నేర్పిన షార్ట్‌కట్ గది. నీళ్ల సంగతి యాదికి రాలే.”

“అయితది ఫిరోజ్. పరీక్షల నేను సుత ఎనిమిదే రాసిన,” అన్నాడు దివాకర్.

“మీరు ఎనిమిదే నిజమనుకొని కుర్చీలకెళ్లి కదలకుంట కూసున్నరు సార్. నేను నోరు తెరవకముందే ఈమె గోడకెందుకు జరిగింది?”