ముఖమంతా ఊదారంగు

మైక్రోస్కోప్‌లోంచి తల ఎత్తి మన వీరుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వీరుడని ల్యాబ్‌లో పిలిచేది మెచ్చుకుని కాదు లెండి.

అక్కడున్నది బియ్యపుగింజంత ఎలుక పిండం. దానికింకా మూతీ ముక్కూ రాలేదు. ముఖంగా మారబోయే కణాల్లో ఒక జీన్ ఎక్కడ పనిచేస్తుంటే అక్కడ ఊదారంగు తేలాలి. తేలగానే రంగునీళ్లు తీసేయాలి. ఈ మహానుభావుడు తీయలేదు. రంగు దవడ దాటి నుదుటిదాకా పాకింది.

తనకంటే ముందు చేరిన పక్క బల్ల అమ్మాయిని పిలిచి మరీ చూపించాడు.

"చూశావా? జీన్ ముఖమంతా పనిచేస్తోంది. కింది దవడలోనే అన్న నీ థీసిస్ తప్పు."

"కంట్రోల్ ఏది?"

"అదెందుకు?"

"రంగు రాకూడని పిండం ఒకటి పక్కన పెట్టాలి కదా. అదీ ఊదాగా మారితే, నువ్వు కనిపెట్టింది జీన్ కాదు, మరక."

"కుళ్లు."

"నీ మీదా? అంత తీరిక లేదు నాకు."

వీరుడు ఆగుతాడా? ఫోటో ల్యాబ్ నడిపే మేడమ్‌కి పంపేశాడు. వారం చివర మీటింగ్‌లో అది నిజమని తేలితే అమ్మాయి మూడేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. ఆ సంగతి మన మేధావికి ఆలస్యంగా తట్టింది. ఈసారి కంట్రోల్ పెట్టి, దాన్నీ రంగులో అంతసేపూ ఉంచి చూశాడు. అదీ ఊదాగా మారింది.

నోరు మూసుకుంటే పేపర్ తనది. తెరిస్తే నవ్వులపాలు.

మీటింగ్‌లో లేచాడు. "నా ఫలితం తప్పు మేడమ్. రంగులో ఎక్కువసేపు వదిలేశాను. తను చెప్పిందే నిజం."

"కళ్లు ఎక్కడ పెట్టుకున్నావయ్యా?" అంది మేడమ్.

"తన మీదండి."

గదంతా గొల్లుమంది. అమ్మాయి మాత్రం చెవులు ఎర్రబడి, తలవంచుకుని కూర్చుంది.

బయట వాన. మెట్ల దగ్గర అతన్ని నిలదీసింది.

"అంతమందిలో చెప్పడానికి సిగ్గులేదూ?"

"ఉంది. అయినా నువ్వంటే ఇష్టం. ఇంతకంటే తెలివిగా చెప్పడం రాదు."

"నీ తెలివి ల్యాబంతా చూసిందిలే." గొడుగు తెరిచి, సగం అతని మీదికి జరిపింది. "ఆదివారం ఇంటికి రా. మా అమ్మ నిన్ను చూస్తానంటోంది."

"నా గురించి ఇంట్లో చెప్పావా?"

"చెప్పడమెందుకు? రోజూ అన్నం ముందు కూర్చుని నిన్నే తిడుతుంటే, కన్నతల్లికి అర్థం కాదా?"