తెల్లబడ్డ పళ్ళ సాక్ష్యం

ఏజెంట్ నో సంగ్‌హ్యోక్ లిఫ్టు దాకా చేరలేదు. సైలెన్సర్ పిస్టల్ గుండ్లు మెడలో ఒకటి, ఛాతీలో రెండు. సియోల్ సేఫ్‌హౌస్ బేస్‌మెంట్‌లో తన కారు పక్కనే పడి ఉన్నాడు.

"ఇంటిదొంగల పనే," అన్నాడు చీఫ్ ఫోన్లో. "ఇంజినీర్ బాంగ్‌ని మేడ మీదికి చేర్చు. హెలికాప్టర్ వస్తోంది. మనలో దాక్కున్న శత్రువుల పేర్లున్న ఫైలు తెరిచే సంకేతం ఆయనొక్కడికే తెలుసు. ఆయన పోతే అంతా పోయినట్టే."

ఏజెంట్ ప్యో కాంగుక్ తన జోడీ అయిన నో కళ్ళు మూసి లేచాడు. ఏడవడానికి టైము లేదు.

సేఫ్‌హౌస్ అడ్రసు తెలిసిన మూడో ఏజెంటు మా యేజిన్ అప్పుడే వచ్చింది. బయట గడ్డకట్టే చలి. చేతిలో మాత్రం ఐస్ కాఫీ.

"ఎక్కడున్నావ్ ఇంతసేపూ?"

"డెంటిస్టు కుర్చీలో అన్నా." జలుబని నెల రోజులుగా తీయకుండా పెట్టుకున్న మాస్కు దించి నవ్వింది. పళ్ళు తళతళలాడాయి. "పళ్ళు తెల్లబరిచే జెల్, అన్నిటికన్నా గాఢమైంది. ఒక్క సిట్టింగ్‌లో ఇలా అయ్యాయి. నేరుగా అక్కణ్ణించే వస్తున్నా. కావాలంటే డాక్టర్నే అడుగు."

ఫోన్ చేస్తే డాక్టర్ అవునన్నాడు.

లోపలి గదిలో దాచిన బాంగ్‌ని వెంటబెట్టుకుని ముగ్గురూ లిఫ్టెక్కారు. బాంగ్ ఒక మూలకి ఒదిగి నిలబడ్డాడు.

"ఊరికే భయపడకు బాబాయ్," అంటూ యేజిన్ కప్పులోని మంచుముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలింది.

ప్యో చూపు ఆ పళ్ళ దగ్గర ఆగిపోయింది. నిరుడు ఒక మారువేషం కోసం అతనూ గాఢమైన జెల్ పెట్టించుకున్నాడు. ఆ రోజు చల్లగాలి తగిలినా పళ్ళకు కరెంటు కొట్టినట్టయింది. పలుచని జెల్ వారాలపాటు వాడినా చివరికి అదే తెలుపు వస్తుందట. గాఢత పెరిగితే వేగం పెరుగుతుంది, పళ్ళు జివ్వుమనడమూ పెరుగుతుంది.

అంటే ఈ తెలుపు ఇవాళ్టిది కాదు. మాస్కు చాటున నెల రోజులుగా తయారైంది. నోని కాల్చినప్పుడు ఆమె డెంటిస్టు దగ్గర లేదు; అవునన్న డాక్టరూ శత్రువుల మనిషే.

"పళ్ళు జివ్వుమనట్లేదా యేజిన్?"

ఆమె జేబులోంచి లాగిన పెన్నులోంచి విషపు సూది దూసుకొచ్చింది, సూటిగా బాంగ్ మెడకి. ప్యో ఆమె మణికట్టు పట్టేశాడు. ఆమె తలతో అతని మూతి మీద కుమ్మింది. రక్తంతోపాటు అతని పళ్ళు రెండు ఊడిపడ్డాయి.

"నీ జోడీ నోకి ఈపాటి బుర్ర ఉంటే బతికేవాడు కదన్నా!"

ప్యో పట్టు వదల్లేదు. ఆ చేతిని లిఫ్టు గోడకున్న ఇనుప కమ్మీకేసి బాదాడు. ఎముక విరిగింది. బాంగ్ చర్మానికి వెంట్రుకవాసి దూరంలో సూది పక్కకు తిరిగి ఆమె తొడలోనే దిగింది. తలుపులు తెరుచుకునేసరికి యేజిన్‌లో కదలిక లేదు.

హెలికాప్టర్ బాంగ్‌ని తీసుకుని లేచింది.

"భేష్," అన్నాడు చీఫ్ మళ్ళీ ఫోన్లో. "ఆఫీసు ఖర్చుతో పళ్ళు కట్టించుకో. తెల్లటివి పెట్టమననా?"

"వద్దు సార్," అన్నాడు ప్యో రక్తం ఉమ్మేసి. "కాస్త పచ్చగా ఉన్నవైతే నమ్మకంగా ఉంటాయి."